గంటస్తంభం మీంచి బంతి, లారీలోకి బస్తా: రెండు లెక్కలూ కీతో కలవట్లేదు

విజయనగరం_ఎంపీసీ:
ఇంటర్ ఫస్టియర్. ఎల్లుండి వీక్లీ టెస్టు. ప్రాక్టీసు షీటులో రెండు లెక్కల దగ్గర ఆగిపోయాను.

ఒకటి: గంటస్తంభం మీద 20 మీటర్ల ఎత్తు నుంచి బంతిని సెకనుకి 20 మీటర్ల వేగంతో, క్షితిజ సమాంతరానికి 30 డిగ్రీలు పైకి విసిరారు. స్తంభం అడుగు నుంచి ఎంత దూరంలో పడుతుంది? గురుత్వ త్వరణం జి విలువ 10 తీసుకోమన్నారు. కీలో 56 మీటర్లు ఉంది. వ్యాప్తి (బంతి పడే అడ్డ దూరం) ఫార్ములాలో వేస్తే నాకు 34.6 వచ్చింది. ఎత్తు ఉంది కదా అని 20 = 10టి + 5టి² (టి అంటే కాలం) రాసి చేస్తే 21.4. పైకి విసిరితే ఇంకా దగ్గరగా పడ్డమేంటి?

రెండు: 50 కిలోల జీడిపిక్కల బస్తాని 30 డిగ్రీల వాలు చెక్క మీదుగా లారీలోకి సమవేగంతో ఎక్కించాలి. నెట్టే బలం నేలకి సమాంతరంగా ఉంది. గతిక ఘర్షణ గుణకం (కదులుతున్నప్పటి ఘర్షణది) 0.4. ఎంత బలం కావాలి? కీలో 635 న్యూటన్లు, నాకు 489. కీ తప్పా?

చీపురుపల్లి_ఫిజిక్స్:
కీ తప్పు కాదు తమ్ముడూ. ఆ మాటకొస్తే నీ 34.6, 21.4 కూడా సరైన సమాధానాలే, కాకపోతే వేరే ప్రశ్నలకి.

34.6 అంటే అదే బంతిని నేల మీంచి విసిరితే పడే దూరం. ఆ వ్యాప్తి ఫార్ములా బయల్దేరిన ఎత్తుకే బంతి తిరిగి వచ్చినప్పుడు మాత్రమే చెల్లుతుంది. ఇక్కడ బంతి ఆ మట్టాన్ని దాటి ఇంకో 20 మీటర్లు కిందకి దిగాలి, ఆ దిగుడు మొత్తం నీ లెక్కలోంచి ఎగిరిపోయింది.

21.4 సంగతి ఇంకా బాగుంటుంది. నువ్వు 20కి, 10టికి, 5టి²కి మూడింటికీ ప్లస్ పెట్టావు. గురుత్వం కిందకి, స్థానభ్రంశం కిందకి, తొలి వేగం కూడా కిందకి అని రాసినట్టు. అంటే బంతిని 30 డిగ్రీలు కిందకి విసిరిన లెక్క చేశావు. దగ్గరగా పడక ఏమవుతుంది!

ఫార్ములా ముట్టుకోకముందే బొమ్మ గీసి, పక్కన బాణం వేసి "పైకి ప్లస్" అని రాసుకో. ఆ తర్వాత వేగాన్ని రెండు అంశాలుగా విడదీయి: నిట్టనిలువు అంశం 20 × సైన్ 30 = 10, అడ్డ అంశం 20 × కాస్ 30 = 17.32. స్థానభ్రంశం −20, త్వరణం −10. ఇప్పుడు
−20 = 10టి − 5టి²
5తో భాగించి సర్దితే టి² − 2టి − 4 = 0. మూలాలు 1 ± √5, అంటే 3.236, −1.236. రుణమూలం కొట్టేయాలి. కొట్టేసే ముందు ఒకసారి చూడు, గుర్తు తీసేస్తే అది నీ తప్పు లెక్కలో వచ్చిన కాలమే.
దూరం 17.32 × 3.236 = 56.05 మీటర్లు.

సరిచూసుకోడానికి: కిందపడే వేళకి నిలువు వేగం 10 − 32.36 = −22.36. దాని వర్గం 500, అడ్డ వేగం వర్గం 300, మొత్తం 800. శక్తి నిత్యత్వంతో చేసినా 400 + 2 × 10 × 20 = 800. రెండూ కలిశాయంటే కాలం సరైనదే. అర నిమిషం పట్టే పని, పరీక్షలో మానకు.

నాగావళి_గట్టు:
పై సమాధానానికి రెండు ముక్కలు కలుపుతాను.

జి 9.8 వేస్తే ఇదే లెక్క 56.9 వస్తుంది. ఆప్షన్లలో 56, 57 రెండూ ఉంటే ప్రశ్నలో ఏ విలువ ఇచ్చారో ముందు చూసుకోవాలి. ఇంటి దగ్గర ఫోన్లో చేస్తే కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో లేదో కూడా. రేడియన్లలో ఉంటే సైన్ 30 విలువ −0.988 చూపిస్తుంది.

ఇంకోటి, "45 డిగ్రీలకే గరిష్ఠ వ్యాప్తి" అని అందరూ బట్టీ పడతారు. ఇదే లెక్కలో కోణం 45 చేసి చూడండి: 54.6 మీటర్లు. పెరగలేదు సరికదా తగ్గింది. ఎత్తు మీంచి విసిరినప్పుడు గరిష్ఠ వ్యాప్తి కోణం 45 కంటే తక్కువ. ఈ లెక్కకి 35.3 డిగ్రీల దగ్గర 56.6 మీటర్లు. ఆ కోణం టాన్ విలువ అంటే విసిరిన వేగాన్ని నేలని తాకే వేగంతో భాగిస్తే వచ్చేది, 20 బై 28.28. ఇదంతా గాలి నిరోధం లేదనుకుంటేనే.

(అసలు గంటస్తంభం 68 అడుగులు, దగ్గర దగ్గర 20.7 మీటర్లు. ప్రశ్న రాసినాయన మన సుఖం కోసం 20 చేశాడు.)

పలాస_మెకానికల్:
బస్తా లెక్క నేను చెప్తాను. 489 ఎలా వచ్చిందో తెలుస్తోంది. అభిలంబ బలం (చెక్క బస్తాని లంబంగా తిరిగి నెట్టే బలం) 500 × కాస్ 30 = 433 అని రాసి, ఘర్షణ 173, వాలు వెంట బరువు 250, మొత్తం 423ని కాస్ 30తో భాగించావు. కాస్‌తో భాగించడం వరకు బాగానే ఉంది. మరి నెట్టే బలానికి రెండో అంశం ఏటైపోయింది?

అడ్డంగా నెట్టినప్పుడు ఆ బలంలో కొంత బస్తాని చెక్కకేసి అదుముతుంది. ఆ సైన్ 30 వంతు అభిలంబ బలానికి కలుస్తుంది, ఘర్షణ పెరుగుతుంది, దాంతో ఇంకా గట్టిగా నెట్టాలి. స్వేచ్ఛా వస్తు పటంలో (బస్తా మీది బలాలన్నీ గీసే బొమ్మలో) నాలుగే బాణాలు: బరువు, అభిలంబ బలం, ఘర్షణ, నెట్టుడు. అక్షాలు వాలు వెంట ఒకటి, దానికి లంబంగా ఒకటి. నెట్టుడుని "ఎఫ్" అనుకుంటే,

చెక్కకి లంబంగా: అభిలంబ బలం = 433 + 0.5ఎఫ్
చెక్క వెంట, సమవేగం కాబట్టి: 0.866ఎఫ్ = 250 + 0.4 × (433 + 0.5ఎఫ్)

ఎఫ్ పదాలు ఒకవైపు తెస్తే 0.666ఎఫ్ = 423.2, ఎఫ్ = 635. అదే బస్తాని చెక్క వెంటే తాడేసి లాగితే 423 చాలు. అందుకే ఇలాంటి లెక్కలో "సమాంతరంగా" అన్న మాట నేలకా చెక్కకా అన్నది గీత గీసి చదవాలి.

విజయనగరం_ఎంపీసీ:
రెండూ వచ్చేశాయి, థాంక్స్ అన్నా. మూడో బిట్టు: బస్తాని మధ్యలో వదిలేస్తే? 10 × (0.5 + 0.346) = 8.46 త్వరణంతో జారుతుంది అని రాశాను.

పలాస_మెకానికల్:
వదిలేస్తే జారుతుందా అన్నది ముందు చూడాలి. టాన్ 30 అంటే 0.577. స్థైతిక ఘర్షణ గుణకం (కదలక ముందటిది) అంతకన్నా తక్కువుంటేనే కదుల్తుంది. విడిగా ఇవ్వలేదంటే అదీ 0.4 అనే తీసుకోవాలి, కాబట్టి జారుతుంది. కానీ ఇప్పుడు బస్తా కిందకి వెళ్తోంది, ఘర్షణ పైకి తిరిగింది. ప్లస్ కాదు, మైనస్. నెట్టుడు కూడా లేదు కాబట్టి అభిలంబ బలం మళ్లీ 433కే వచ్చేసింది. 10 × (0.5 − 0.346), అంటే సెకను వర్గానికి 1.54 మీటర్లు.