ఎచ్చెర్లలో ఆ ‘టి’ ఏటి?

శ్రీకాకుళం నుంచి:
ఎచ్చెర్ల పేరు ఇంగ్లీషులో రాసినప్పుడు ఇ తర్వాత టి, సి, హెచ్ వరసగా వస్తాయి. పలికేది చ్చ ఒక్కటే కదా, మధ్యన ఆ టి కి ఏటి పని? ఇచ్ఛాపురాన్ని కూడా కొందరు అలాగే రాస్తారు. ఇది మన పాత గుమస్తాల చాదస్తమా, వెనకాల సూత్రమేదైనా ఉందా?

విజయనగరం నుంచి:
ఉందండి. ఇంగ్లీషులో హ్రస్వం తర్వాత చకారం వస్తే మామూలుగా ముందు ఒక టి పెడతారు: క్యాచ్, మ్యాచ్, పిచ్. దీర్ఘమైతే అక్కర్లేదు: బీచ్, టీచ్. రిచ్, మచ్ ఈ లెక్కకి లొంగవు, వాటినొదిలేద్దాం. ఎచ్చెర్లలో ఎ హ్రస్వమే కదా.

ఆ మాటకొస్తే అసలు కథ సి, హెచ్ జంటది. లాటిన్‌లో చ లేదు. గ్రీకు మాటలు రాసుకోడానికి రోమన్లు సి, పి, టి ల పక్కన హెచ్ చేర్చేరు. గ్రీకులు అప్పట్లో వాటిని అచ్చం మన ఖ, ఫ, థ లాగే ఒత్తి పలికేవారు. తర్వాత్తర్వాత గ్రీకులో ఆ ఫ కాస్తా పంటికీ పెదవికీ మధ్య నుంచి ఊదే ధ్వని అయిపోయింది. ‘ఫలం’లో అక్షరాన్నే ‘ఫోను’కీ వాడుతూ మనమూ ఇప్పుడు ఆ దారినే పోతున్నాం. సి-హెచ్ మటుకు ఇంగ్లీషులో చ, ఫ్రెంచిలో ష, ఇటాలియన్‌లో క అయి కూర్చుంది.

రాజాం నుంచి:
చ కోసం జర్మన్లు నాలుగక్షరాలు ఖర్చు పెడతారు మాస్టారూ: టి, ఎస్, సి, హెచ్. పోలిష్‌లో సి-జెడ్, హంగేరియన్‌లో సి-ఎస్. ఆ హంగేరియన్‌లోనే ఎస్ ఒంటరిగా ఉంటే ష, జెడ్ తోడుంటే స. అందుకే వాళ్ళ రాజధాని వాళ్ళ నోట బుదపెష్ట్. స్పానిష్ నిఘంటువుల్లో సి-హెచ్ కి ప్రత్యేకం ఒక వరసుండేది, 1994లో సి లో కలిపీసేరు.

పాలకొండ నుంచి:
చదువుతుంటే నవ్వొస్తోంది. మన తెలుగుకి ఈ బాధల్లేవు కదా! ఒక ధ్వనికి ఒక అక్షరం, పలికినట్టే రాత.

విజయనగరం నుంచి:
అమ్మా, ఒక్కసారి ‘బ్యాంకు’ రాసి చూడండి. బ కింద య-వత్తు, పైన దీర్ఘం. ఆ య ని పలుకుతున్నదెవరు? బ తర్వాత వినబడేది ఒకటే అచ్చు, ఆ కీ ఏ కీ నడుమది. దానికి మనకి అక్షరం లేదు. య నీ ఆ నీ జతచేసి పని గడుపుకుంటున్నాం. మరాఠీవాళ్ళు అ మీద అర్ధచంద్రం పెట్టుకుని గట్టెక్కేరు. తమిళులు ‘ఆయుదం’ అనే మూడు చుక్కల అక్షరం పక్కన ప పెట్టి ‘ఫోను’లో ఫ రాస్తారు. ఉర్దూలో ఖ రాయాలంటే క పక్కన రెండుకళ్ళ హే రావాలి. రోమన్ లిపినొక్కదాన్నీ ఆడిపోసుకుని లాభం లేదు.

పైగా ఈ అచ్చు ఇంగ్లీషుతో వచ్చిందీ కాదు. ‘చెప్పినాడు’లో న జారిపోయి, ఇ, ఆ కలిసిపోతే పుట్టింది. ‘తిన్నాడు’, ‘చెప్పాడు’ పక్కపక్కన పలికి చూడండి, డు ముందున్న రెండు ఆ లూ ఒకటి కావు. కృష్ణా వేపు దాన్ని ఆ తోటే రాస్తారు. మన వేపు నోట్లో అది ఏ కి దగ్గర, అంచేత ఇక్కడి కథకులు ‘చెప్పేడు’ అని రాసేరు. ఇంగ్లీషు మాటల దగ్గరికొచ్చేసరికి యా. ఒక్క అచ్చుకి మూడు రాతలు!

శ్రీకాకుళం నుంచి:
ఇలాటి చిక్కే గిడుగు రామమూర్తి గారికి సవర గిరిజనుల భాషతో వచ్చింది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన మనిషి, మన్యంలో విన్న భాషకి అప్పటికి లిపే లేదు. 1931లో ఇంగ్లీషులో అచ్చయిన ఆయన సవర వ్యాకరణం శీర్షిక చూడండి: ‘సోరా’ (అంటే సవరే) అన్న మాటలో ‘ఓ’ అచ్చు తర్వాత ఒక కోలన్, ‘ఆ’ అచ్చు తర్వాత ఇంకో కోలన్. దీర్ఘానికి గుర్తులవి. 1936లో మంగై గొమాంగో సవరకి సొంత లిపే కట్టేరు.

రాజాం నుంచి:
అయితే పిల్లలు ‘బేంకు’ అని రాస్తే తప్పెలాగవుద్ది? పాత అచ్చు పుస్తకాల్లో అలాగే కనబడుతుంది కదేటి.

పాలకొండ నుంచి:
నా బడిలో ఐతే మార్కు కొయ్యను బాబూ. కానీ పబ్లిక్ పరీక్ష పేపరు దిద్దేది నేను కాదు. అంచేత య-వత్తే నేర్పుతున్నాను.