అప్‌డేట్: అమ్మతో రామప్ప చూసొచ్చాం

అందరికీ నమస్తే. కువైట్ నుంచి సెలవుపై వచ్చినప్పుడు, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో ఒక్క రోజులో ఓరుగల్లు కోట, వేయి స్తంభాల గుడి, రామప్ప గుడి మూడూ చూడొచ్చా అని అడిగాను. రామప్పకే రోజంతా ఉంచుకోండన్నారు చాలామంది. అలాగే చేశాం, చాలా మంచి సలహా.

హనుమకొండలో పొద్దున్నే కారులో బయలుదేరి, ములుగు దాటి జంగాలపల్లి దగ్గర తిరిగి పాలంపేట చేరుకున్నాం. గుడి ఎత్తైన అరుగు మీద ఉంటుంది కాబట్టి మెట్ల దగ్గరే నాకు టెన్షన్. అమ్మ నా భుజం పట్టుకుని నిదానంగా ఎక్కింది. ఎండెక్కితే రాయి కాలుతుంది, పెద్దవాళ్లకు సాక్సులు తప్పకుండా తీసుకెళ్లండి.

కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. గోడలు ఎర్రరాయి, చూరు కింద మదనికలు (స్త్రీల శిల్పాలు) నల్లరాయి. నాగిని బొమ్మ దగ్గర అమ్మ ఎంతసేపు నిలబడిందో! ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న బొమ్మను చూపిస్తే "ఆ కాలంలోనేనా బిడ్డా?" అంది. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని గైడ్ చెబుతుంటే మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి మన పక్కనే ఉన్నందుకు నిజంగా గర్వంగా అనిపించింది.

తిరుగు దారిలో గణపురంలో కోటగుళ్లు అనే పాత గుళ్లు కూడా చూశాం. శిథిలాలే ఎక్కువ, కానీ జనం లేరు, ప్రశాంతంగా ఉంది. కోట, వేయి స్తంభాల గుడి వచ్చే సెలవుకి ఉంచాం.