ఇక్బాల్ షేర్‌లో ‘కూద్ పడా’: మంటలోకి తోశారా, దూకాడా?

ఉర్దూ, ఫార్సీ కవి ఇక్బాల్ రాసిన ఈ షేర్‌ని (రెండు పాదాల పద్యాన్ని) సోషల్ మీడియాలో పెట్టి, “ఇక్బాల్ బుద్ధిని వెక్కిరించాడు” అన్నారు ఒకరు. దాని మీద నా మాట:

బేఖతర్ కూద్ పడా ఆతిష్-ఎ-నమ్రూద్ మే ఇష్క్
అక్ల్ హై మహ్వ్-ఎ-తమాషా-ఎ-లబ్-ఎ-బామ్ అభీ

ప్రేమ జంకూగొంకూ లేకుండా నమ్రూద్ (ఇబ్రాహీం ప్రవక్తను మంటల్లో వేయించాడని చెప్పే రాజు) మంటలోకి దూకేసింది. బుద్ధి ఇంకా మిద్దె అంచున నిలబడి చోద్యం చూడ్డంలో మునిగిపోయి ఉంది. 1924లో వచ్చిన ‘బాంగ్-ఎ-దరా’లోని గజల్ ఇది.

ముందు ‘కూద్ పడా’ (దూకేసింది) అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఖురాన్‌లో ఇబ్రాహీం మంటలోకి దూకలేదు. విగ్రహాలు పగలగొట్టాడన్న కోపంతో జనమే ఆయన్ని మంటల్లో పడెయ్యాలని చూశారు, దైవాజ్ఞతో ఆ మంట చల్లబడింది. ఇక్బాల్ షేర్‌లో తోసేవాళ్లు లేరు. ప్రేమ తనంతట తానే దూకింది. వేరేవాళ్లు వేసిన శిక్షను ఆయన ఒక మనిషి నిర్ణయంగా మార్చేశాడు. ఎంత సాహసమైన మార్పో చూడండి! నిర్ణయం అన్నాక దాన్ని తీసుకునే ‘నేను’ ఒకటి ఉండాలి. ఇక్బాల్ ‘ఖుదీ’ అన్నది దాన్నే, అహంకారాన్ని కాదు. 1915 నాటి ఫార్సీ కావ్యం ‘అస్రార్-ఎ-ఖుదీ’లో, ప్రేమ వల్లే ఖుదీ గట్టిపడుతుందని, ఒకరి ముందు చెయ్యి చాస్తే బలహీనపడుతుందని చెప్పాడు. ఎందరో సూఫీ కవులు చినుకు సముద్రంలో కలిసిపోవడాన్ని, అంటే ‘నేను’ దైవంలో కరిగిపోవడాన్ని పాడారు. ఇక్బాల్ చినుకు మాత్రం ఖుదీ పాఠం నేర్చుకుని ముత్యమవుతుంది. నాకు ఆయన మీద ఇష్టమంతా ఇక్కడే.

ఇక బుద్ధి సంగతి. ‘అభీ’ అంటే ‘ఇంకా’. అది రదీఫ్ (గజల్‌లో మళ్లీ మళ్లీ వచ్చే చివరి మాట), ప్రతి షేర్ చివరా ఎలాగూ వస్తుంది అంటారేమో. నిజమే, కానీ ఇక్కడ ఆ మాట ఊరికే కూర్చోలేదు. బుద్ధి ఇంకా దిగి రాలేదన్నాడే తప్ప ఎప్పటికీ రాదనలేదు. పైగా దీనికి సరిగ్గా ముందున్న షేర్ చూడండి:

పుఖ్తా హోతీ హై అగర్ మస్లహత్-అందేష్ హో అక్ల్
ఇష్క్ హో మస్లహత్-అందేష్ తో హై ఖామ్ అభీ

మంచీచెడూ ఆలోచించుకునే బుద్ధి పండిన బుద్ధే అంటున్నాడు. అదే లెక్క ప్రేమ వేసుకుంటే మాత్రం అది ఇంకా పచ్చిదే. దేని పని దానిది. ఇక్బాల్ బుద్ధిని వెక్కిరించాడనుకోవడం, సోషల్ మీడియాలో ‘కూద్ పడా’ షేర్ ఒక్కటే తిరుగుతుండటం వల్ల వచ్చిన చిక్కు. ఈసారి పోస్ట్ పెట్టేటప్పుడు దయచేసి రెండూ కలిపి పెట్టండి.