అప్‌డేట్: మడత సైకిలు మీద ఆఫీసు సంచి, సమస్య తీరింది

నల్లగొండలో ఇంటి నుంచి రైల్వే స్టేషన్ దాకా 20 అంగుళాల చక్రాల మడత సైకిలు మీద ఆఫీసు సంచి ఎలా తీసుకెళ్లాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

హ్యాండిల్‌కు తగిలిస్తే సైకిలు ఊగేది. మెకానిక్ చూస్తే, హ్యాండిల్ కడ్డీ మడిచే చోట గొళ్లెం వదులుగా ఉంది! బిగించాక ఊగడం సగం తగ్గింది. మిగతా సగం సంచి బరువుదే. చిన్న చక్రం కదా, హ్యాండిల్ మీద బరువు పడితే ఇట్టే తిరిగిపోతుంది.

వెనుక క్యారియర్ పక్కన వేలాడదీస్తే తొక్కినప్పుడల్లా మడమ తగిలింది. చివరికి పనిచేసింది ఒకరు చెప్పిన పాత ట్యూబు ఉపాయమే: సంచిని క్యారియర్ మీద అడ్డంగా పడుకోబెట్టి, రెండు ట్యూబు ముక్కలతో గట్టిగా కట్టాను. పట్టీల కొసలు చక్రంలో పడకుండా లోపలికి దోపాలి. సైకిలు మడిచే ముందు సంచి తీసి భుజాన వేసుకుంటున్నాను.