లాన్ మూవర్ ముందుకు లాగట్లేదు, బెల్టా గేరా?

ప్రశ్న: అన్నలూ, మాది నల్లగొండ, ఫంక్షన్ హాల్ లాన్ చూసుకుంటాను. పెట్రోల్ మూవర్ ఇంజన్ బాగుంది, బ్లేడ్ కోస్తోంది, కానీ లివర్ నొక్కితే చక్రాలు తిరగట్లేదు, ఎత్తు వైపైతే అసలే కదలదు. షాపులో గేర్‌బాక్సే మార్చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: తొందరపడి కొనకు తమ్ముడూ. ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకెయ్, అది మాత్రం మర్చిపోవద్దు. లివర్ నుంచి బెల్టు బిగించడానికి వెళ్లే కేబుల్ సాగి వదులైతే లివర్ ఎంత నొక్కినా బెల్టు బిగుసుకోదు, చాలా మోడళ్లలో కేబుల్ మీదే అడ్జస్టర్ ఉంటుంది, కొంచెం తిప్పి చూడు. అయినా జారుతుంటే బెల్టు అంచులు చూడు, నున్నగా మెరుస్తున్నా పగిలినా మార్చాల్సిందే. గేర్‌బాక్స్ అన్నిటికన్నా చివర.

ఇంకో జవాబు: చక్రాలూ విప్పి చూడండి అన్నా. లోపలి పళ్లు చాలావాటిలో ప్లాస్టిక్‌వే, మన ఎర్రమట్టి, ఇసుక చేరితే త్వరగా అరిగిపోతాయి. షాఫ్ట్ మీది చిన్న పినియన్లు (పళ్ల చక్రాలు) ఒకవైపు తిరిగితేనే పట్టుకుంటాయి, కుడిది ఎడమకి వేస్తే పనిచేయదు, గుర్తు పెట్టుకుని తీయండి. బండి వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ పైవైపు ఉండాలి, లేకపోతే ఆయిల్ అందులోకి దిగుతుంది.

ప్రశ్న అడిగినవారు: పళ్లు బాగున్నాయి అన్నా, బెల్టు అంచే అద్దంలా మెరుస్తోంది. దాని మీది నంబర్ పంపి హైదరాబాద్ నుంచి తెప్పిస్తున్నా.