సెప్టిక్ ట్యాంకుకు అడుగు వేయాలా, వదిలేయాలా?

కవిటి కొబ్బరితోట:
కవిటి దగ్గర మా ఊళ్ళో ఇల్లు కడుతున్నాం. అయిదు సెంట్ల స్థలం. సెప్టిక్ ట్యాంకుకు అడుగున కాంక్రీటు వద్దని, అలా వదిలేస్తే ఎప్పటికీ నిండదని మేస్త్రి అంటున్నాడు. తాగే నుయ్యి ముప్పై అడుగుల దూరంలో ఉంది. ముందు మట్టి, నీళ్ళ లోతు చూడాలని మా చెల్లి పట్టుబడుతోంది. అవసరమేనా?

బొబ్బిలి బాబాయ్:
మాది అడుగు లేని ట్యాంకే. ఇరవై ఏళ్ళయింది, ఒక్కసారీ ట్యాంకు ఖాళీ చేసే బండి పిలవలేదు. నూతి నీళ్ళే తాగుతున్నాం, అందరం బాగానే ఉన్నాం. మేస్త్రికి నేల తెలుసు తమ్ముడూ, టెస్టులంటూ డబ్బు పోగొట్టుకోకు.

నాగావళి ఒడ్డు:
బాబాయ్, కాదంటున్నందుకు ఏమీ అనుకోకండి. ఇరవై ఏళ్ళు నిండలేదంటే అందులో పడిందంతా ఎటో పోతున్నట్టే కదా. ఎటన్నదే నా బెంగ.

మా పిన్ని వాళ్ళది సోంపేట వైపు, ఇసుక నేల. మే నెలలో ఆ నూతికి పన్నెండు మూరల చేంతాడు కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్ళాక చేంతాడు లేకుండా, గట్టు మీద వంగి చెంబుతో ముంచుకున్నాం. ట్యాంకు గొయ్యి లోతు ఆరడుగులు. అంటే ట్యాంకూ నుయ్యీ ఒకే నీళ్ళలో మునిగి ఉన్నాయి. క్రిములు చూసే సీసాలో పోసి ఉంచితే మర్నాటికి నీళ్ళు సిరాలా నల్లబడ్డాయి, అంటే క్రిములున్నట్టే. పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. ఆ నీళ్ళే మనవడికి పట్టింది మరి.

అందుకే తమ్ముడూ, వేసవిలో లోతు చూసి ధైర్యపడకు. అక్టోబరు, నవంబరుల్లో చూడు. అంతవరకు ఆగలేకపోతే నూతి ఒరల మీద నాచు గీత ఎంత పైకుందో చూడు. ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు నేలలోకి దిగే గొయ్యి, అంటే ఇంకుడు గుంత, దాని అడుగుకీ ఆ మట్టానికీ మధ్య రెండు మీటర్ల పొడి నేల ఉండాలి.

మట్టి పరీక్షకు పలుగు, బకెట్ చాలు. ఇంకుడు గుంత వచ్చే చోట, అది ఎంత లోతుంటుందో అంత లోతున, ఒక అడుగు వెడల్పున గొయ్యి తీసి, అడుగున కాస్త గులకరాయి వేసి, నీళ్ళు నింపి రాత్రంతా నాననివ్వు. మర్నాడు ఆరంగుళాల నీళ్ళు పోసి, అంగుళం దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడు. అరగంట దాటితే అక్కడ ఇంకుడు గుంత పనికిరాదు. పల్లపు బంకమట్టిలో ఇలాగే అవుతుంది. నిమిషంలో దిగిపోయినా సంతోషించకు, అంత జోరుగా పోయే నీళ్ళను ఇసుక వడగట్టలేదు.

సెప్టిక్ ట్యాంకులకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ఇంకుడు గుంతకూ తాగే నూతికీ మధ్య 18 మీటర్లు, దాదాపు 60 అడుగులు ఉండాలి. నీకున్నది సగమే.

బొబ్బిలి బాబాయ్:
అయిదు సెంట్లలో అరవై అడుగులు ఎక్కణ్ణుంచి తెస్తాడు? పక్కింటి నుయ్యి కూడా లెక్కేస్తే ఊళ్ళో ఎవరూ మరుగుదొడ్డి కట్టుకోలేరు. మన ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బులని భయపెట్టడం ఒకటి.

నాగావళి ఒడ్డు:
కిడ్నీల మాట నేను ఎత్తలేదు బాబాయ్, ఆ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. విరేచనాలు, పచ్చకామెర్లు చాలవా? స్థలం సంగతి మాత్రం నిజం, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ అడుగూ గోడలూ సిమెంటు చేయించి, రెండు మూడేళ్ళకోసారి బండి పిలవడం మన చేతిలో పనే. ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు తేటగా ఉన్నా క్రిములుంటాయి, వాటిని నూతికి వీలైనంత దూరంగా పంపాలి. నీళ్ళు ఆరడుగుల లోపుకు వచ్చే చోట గొయ్యి వద్దు, మట్టి దిబ్బ పోసి అందులో ఇంకనివ్వాలి.

కవిటి కొబ్బరితోట:
నాచు గీత ఇప్పుడే చూసొచ్చాను. నేలకు నాలుగడుగుల కిందే ఉంది. మేస్త్రిని రేపు రావద్దన్నాను.