స్థానబలిమి, స్థితిజశక్తి, మధ్యలో ఒక 'జ'

సుద్దముక్క: మా అమ్మాయికి తొమ్మిదో తరగతి 'పని–శక్తి' చెబుతున్నా. ఎత్తున పెట్టిన రాయికి ఆ ఎత్తు వల్ల ఉండేది స్థితిజశక్తి అనగానే వేమన నోట్లోకొచ్చి కూర్చున్నాడు: "స్థానబలిమి గాని తన బలిమి కాదయా". పొటెన్షియల్ ఎనర్జీకి 'స్థానబలిమి' అని ఎవరైనా ఎక్కడైనా వాడారా?

యతిభంగం: తన 'బల్మి' అండీ. బలిమి అంటే అక్కడ వరసగా అయిదు లఘువులు పడతాయి. అలాంటి ఇంద్రగణం లేదు. బల్మి అంటే సలం అనే ఇంద్రగణం, హాయిగా సరిపోతుంది.

ఓల్డ్ సిలబస్: యతి కూడా స్థా–త. స్థాలో థకారం ఉంది కాబట్టి బతికింది, 'స్థితి' అని ఉంటే ఇత్వంతో చెడేది. సరే గానీ, ఆ 'జ' ఎందుకు? మా మాస్టారు స్థితిశక్తి, గతిశక్తి (కైనెటిక్ ఎనర్జీ) అనే చెప్పేవారు. మేం పాసయ్యాం కూడా.

నిఘంటువుపురుగు: పంకజంలో జ ఎందుకో, ఇక్కడా అందుకే. స్థితి వల్ల పుట్టింది స్థితిజం. జ తీసేస్తే శక్తి వస్తువుది కాకుండా స్థితిది అయిపోతుంది. పైగా గతిశక్తి అంటే ఇప్పుడు 2021లో కేంద్రం మొదలుపెట్టిన పథకం!

మూడోబెంచి: గతిలేని వస్తువుకి గతిజశక్తి సున్నా. జ ఉన్నా లేకపోయినా.

రెండుభాషలు: హిందీలోనూ గతిజ, స్థితిజే. కానీ వాళ్లకి ఎనర్జీ ఊర్జా, పవరేమో శక్తి. మనకి పవర్ సామర్థ్యం. హిందీ మీడియం నుంచి వచ్చిన మా వాడు శక్తిని వాట్లలో రాసొచ్చాడు. తమిళంలో 'నిలై ఆట్రల్' అనేశారు, జ గొడవే లేదు.

ఓల్డ్ సిలబస్: అసలు 1853లో స్కాట్లండ్ ఇంజనీరు ర్యాంకిన్ 'పొటెన్షియల్ ఎనర్జీ' అని పేరు పెట్టింది 'యాక్చువల్'కి జోడీగా. అందులో స్థితీ లేదు, స్థానమూ లేదు. ఇంకా బయటపడని శక్తి, అంతే. ఆ లెక్కన నా ఓటు 'దాగుశక్తి'కి.

నిఘంటువుపురుగు: దాగుడుమూతల శక్తి అనండి, ఇంకా బాగుంటుంది.

సుద్దముక్క: వేమన మాట తేల్చుకుందామని రాత్రి పళ్లెంలో ఉప్మారవ్వ పోసి చదును చేశాం. ఒకే గోళీ, ఎత్తు మాత్రమే మార్చాం: 20, 40, 80 సెంటీమీటర్లు. ఒక్కో ఎత్తు నుంచి అయిదేసి సార్లు, ప్రతిసారీ రవ్వ మళ్లీ చదును చేసి. ఎత్తు పెరిగితే గుంట పెరిగింది, కానీ ఎత్తు రెట్టింపైతే వెడల్పు రెట్టింపు కాలేదు. కొలిచేది గుంటనే గానీ శక్తిని కాదు కదా. ఎత్తుతో రెట్టింపయ్యేది శక్తి. అది రవ్వని చెదరగొట్టడంలో, వేడిగా, ఆ 'టప్' చప్పుడులో ఖర్చయిపోతుంది. గోళీది తన బల్మి కాదు, స్థానబలిమే!

మూడోబెంచి: అదే ఎత్తు నుంచి పెద్ద గోళీ వేయండి. స్థితిజశక్తి సూత్రం ఎంజీహెచ్‌లో (ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు) ఎం కూడా ఉంది మాస్టారూ, తన బల్మి కూడా కొంత ఉంది. పైగా ఆ వేమన పద్యంలో బలమున్న మొసలి ఉన్నది మడుగులో. ఒడ్డు మీద కంటే కిందే కాబట్టి స్థితిజశక్తి తగ్గాలి.

యతిభంగం: మొసలి మాట వచ్చింది కాబట్టి, మొదటి పాదం చివర మీరు ఏది చదువుకున్నారు, "యేనుగు దీయు"నా, "యేనుగు బట్టు"నా? నాది దీయు.

ఓల్డ్ సిలబస్: బట్టు. ఇక్కడ గణాలు మిమ్మల్ని కాపాడవు, రెండూ సలమే.